జిల్లాకు ఏ కోర్సు కావాలో లెక్కలతో తేల్చడం ఎలా: అనకాపల్లి ఉదాహరణగా

జిల్లా నైపుణ్య ప్రణాళిక పంపమని పైనుంచి ఉత్తర్వు వస్తే చాలా చోట్ల నిరుడు నడిపిన కోర్సుల జాబితానే మళ్లీ బయటికి తీస్తారు. కుట్టు, కంప్యూటర్, ఎలక్ట్రీషియన్, బ్యూటీషియన్. సీట్లు కాస్త పెంచి సంతకాలు పెట్టించి పంపేస్తారు. అదే జిల్లాలోని ఫ్యాక్టరీ మనుషుల కోసం ఒడిశా దాకా కాంట్రాక్టర్‌ను పంపుతుంటుంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన ఊళ్లోని పిల్లలు పని వెతుక్కుంటూ హైదరాబాద్ బస్సెక్కుతుంటారు. వీళ్లను ఆ ఫ్యాక్టరీ గేటు దాకా చేర్చాలంటే ముందు లెక్క తేలాలి, కోర్సు సంగతి ఆ తర్వాత. లెక్క సరిగ్గా వేస్తే కొన్నిసార్లు కోర్సే అక్కర్లేదని తేలుతుంది. అదీ ఉపయోగపడే జవాబే.

జిల్లా నైపుణ్య కమిటీలో పనిచేసేవారికి, ఐటీఐ ప్రిన్సిపాళ్లకు, పరిశ్రమల సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు పనికొచ్చేలా ఈ పద్ధతిని రాస్తున్నాం. ఉదాహరణగా అనకాపల్లిని తీసుకోవడానికి కారణం ఉంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క జిల్లాలోనే కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం నుంచి విడిపోయిన కొత్త జిల్లా అది. పరవాడలో ఫార్మా సిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అచ్యుతాపురం సెజ్‌లో రసాయన, మందుల యూనిట్లతో పాటు ఎక్కువగా ఆడవాళ్లే పనిచేసే దుస్తుల పరిశ్రమ ఉంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ఇంకోపక్క చెరకు, బెల్లం, సముద్రంలో వేట.

ముందు హద్దు గీయండి

పనివాళ్ల రాకపోకలకు జిల్లా సరిహద్దు అడ్డం కాదు. పరవాడకు గాజువాక నుంచి వస్తారు, నక్కపల్లికి తుని వైపు నుంచి వస్తారు. అందుకే మొదటి పనిగా పెద్ద కంపెనీల దగ్గర బస్సు రూట్ల జాబితా అడగండి. ఏ రూట్లో ఏ షిఫ్టుకు ఎందరు ఎక్కుతున్నారో రవాణా చూసే ఉద్యోగి దగ్గర ఉంటుంది. పది కంపెనీల రూట్లను ఒకే మ్యాపు మీద వేస్తే మీ అసలు కార్మిక ప్రాంతం కళ్లకు కడుతుంది. ఆడవాళ్ల రూట్లు విడిగా గీయండి. వాళ్లు వచ్చే దూరం సాధారణంగా తక్కువ, రాత్రి షిఫ్టుకు ఇంకా తక్కువ. ఈ తేడా చూడకుండా నలభై కిలోమీటర్ల అవతలి మండలంలో అమ్మాయిలకు శిక్షణ ఇస్తే హాస్టల్ లేక మూడో నెలకే మానేస్తారు.

జనాభా లెక్కల దగ్గర కొత్త జిల్లాలకు ఒక ఇబ్బంది ఉంది. 2011 పట్టికల్లో అనకాపల్లి జిల్లా ఉండదు, ఉన్నదంతా ఉమ్మడి విశాఖపట్నమే. దాని జిల్లా మొత్తాన్ని వాడితే పాడేరు ఏజెన్సీ, విశాఖ నగరం కూడా కలిసిపోయి పనికిరాని సగటు వస్తుంది. గ్రామస్థాయి ప్రాథమిక పట్టికలు తీసుకుని, ఇప్పటి జిల్లాలోని మండలాలను ఒక్కొక్కటిగా కూడండి. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమ, ఇతర పనులు అనే నాలుగు వర్గాలు గ్రామం వారీగా దొరుకుతాయి. ఆరు నెలలు, అంతకు మించి పని దొరికినవారు ముఖ్య కార్మికులు, అంతకన్నా తక్కువ దొరికినవారు ఉపాంత కార్మికులు. ఉపాంత కార్మికుల వాటా ఎక్కువున్న మండలాల్లో మనుషులు దొరికే అవకాశం ఎక్కువ. లెక్క పాతది కాబట్టి తలల సంఖ్యను వాడకండి, మండలాల మధ్య పోలికకే వాడండి. 2027 లెక్కల పట్టికలు వచ్చాక ఈ భాగాన్ని కొత్తగా చేయాలి.

ఏ లెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఉపాధి మీద ప్రధానమైన సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్, అంటే కేంద్ర గణాంక శాఖ ఇళ్లకు వెళ్లి చేసే కార్మిక శక్తి సర్వే. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 జనవరి నుంచి దీన్ని మార్చి నెలవారీ అంచనాలు కూడా ఇస్తున్నారు, నమూనా ఎంపికకు జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నారు. అయినా ఒక్క జిల్లా నమూనా చిన్నదే. ఎంచుకున్న ఒక్కో గ్రామంలో, ఒక్కో పట్టణ బ్లాకులో పన్నెండు కుటుంబాలనే అడుగుతారు. జిల్లాలో ఎందరు పనిచేస్తున్నారన్న స్థూల అంచనాకు ఇది సరిపోతుంది. "జిల్లాలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో ఫార్మా ఆపరేటర్లు ఎందరు" అంటే జవాబు రాదు. ఏదైనా గడిలో ముప్పై మందికన్నా తక్కువ నమూనా ఉంటే ఆ అంకెను నివేదికలో రాయొద్దు. ఒక్కో ఇంటి జవాబులున్న విడి డేటాను దింపుకుని లెక్కించేవారు మల్టిప్లయర్ (నమూనాలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే గుణకం) వాడటం మరిచిపోకూడదు. అది లేకుండా వచ్చిన శాతం నమూనాలో పడ్డ ఇళ్ల శాతమే, జిల్లాది కాదు.

ఇందులో రెండు కొలతలున్నాయి. వారపు కొలతలో గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజున ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. ఏడాది కొలతలో 365 రోజుల మీద ఎక్కువ కాలం ఏం చేశారో చూస్తారు, ముప్పై రోజులకు తగ్గని అనుబంధ పనిని కూడా కలుపుతారు. చెరకు గానుగలు ఆడే రోజుల్లో వారపు కొలత బాగుంటుంది, వేసవిలో పడిపోతుంది. ఒక నివేదికలో ఒక కొలత, ఇంకో నివేదికలో ఇంకో కొలత పట్టుకుని "నిరుద్యోగం తగ్గింది" అని రాసేవారున్నారు. ఏది వాడారో ప్రతి పట్టిక కింద రాయండి.

వృత్తుల సంకేతాలతో ఇంకో పరిమితి ఉంది. పరిశ్రమకు ఎన్‌ఐసీ 2008 (జాతీయ పరిశ్రమల వర్గీకరణ) కోడ్ అయిదంకెల దాకా దొరుకుతుంది. ఫార్మా 21వ విభాగం, రసాయనాలు 20వది, దుస్తులు 14వది, ఆహార పదార్థాలు 10వది. వృత్తికి మాత్రం ఎన్‌సీవో 2015 (జాతీయ వృత్తుల వర్గీకరణ) కోడ్ మూడంకెలే ఇస్తారు. 8131 అంటే రసాయన ప్లాంటు ఆపరేటర్, 8182 అంటే బాయిలర్ ఆపరేటర్. సర్వేలో కనిపించేది 813, 818 దాకానే, కాబట్టి బాయిలర్ ఆపరేటర్ల కొరత ఇందులోంచి బయటపడదు. దాన్ని ఫ్యాక్టరీలోనే అడగాలి.

పీఎఫ్ లెక్కలు ప్రతి నెలా వస్తాయి. పత్రికల్లో వచ్చే "కొత్త ఉద్యోగాలు" అన్న అంకెలో, మానేసి మళ్లీ చేరినవాళ్లూ కొత్తగా పీఎఫ్ పరిధిలోకి వచ్చిన పాత సంస్థల మనుషులూ ఉంటారు. జిల్లాకు అంతకన్నా పనికొచ్చేది పీఎఫ్ నడిపే ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్‌లోని సంస్థల అన్వేషణ. ఒక్కో సంస్థ ఏ నెలలో ఎందరికి చందా కట్టిందో అందులో చూడొచ్చు. నలభై, యాభై ముఖ్యమైన సంస్థల పేర్లు రాసుకుని రెండేళ్ల నెలవారీ సంఖ్యను ఒక షీట్లో నింపండి. ఎవరు పెరుగుతున్నారో, ఎవరు తగ్గుతున్నారో ఏ సర్వే కన్నా ముందే తెలుస్తుంది. కొన్ని పొరపాట్లు జరగకుండా చూసుకోండి. హైదరాబాద్ హెడ్డాఫీసు కోడ్ కింద పరవాడ ప్లాంటు మనుషులు ఉండొచ్చు. కాంట్రాక్టు కార్మికులు కాంట్రాక్టర్ కోడ్ కిందికి వెళ్తారు, కాబట్టి గేటు దగ్గర కనిపించే మనుషుల్లో సగం మంది కంపెనీ పేరు మీద కనిపించకపోవచ్చు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికి పీఎఫ్ ఉండదు. ఇరవై మందికన్నా తక్కువ ఉన్న సంస్థలు చాలావరకు ఇందులోకి రావు.

ఆ చిన్న సంస్థల కోసం ఉద్యమ్ (చిన్న, మధ్యతరహా సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ల జాబితాను జిల్లా పరిశ్రమల కేంద్రంలో తీసుకోండి. అది 2020 జులై 1న మొదలైంది, యజమాని చెప్పిందే రాసుకుంటారు. మూతపడ్డ యూనిట్లు కూడా జాబితాలో మిగిలిపోతాయి. అందులోంచి యాభై పేర్లు ఏరి ఫోన్ చేసి, ఎన్ని నడుస్తున్నాయో చూసుకుని, ఆ నిష్పత్తిని మొత్తానికి వర్తింపజేయండి. ఫ్యాక్టరీల శాఖ లైసెన్సులో ఉండేది గరిష్ఠంగా ఎందరిని పెట్టుకోవచ్చన్న సంఖ్య. ఇప్పుడు ఎందరున్నారో దాన్నిబట్టి చెప్పలేం.

జిల్లా దేనిలో గట్టిది

ఇది చిన్న లెక్క. జిల్లాలోని పనివాళ్లలో ఒక పరిశ్రమ వాటాను, రాష్ట్రంలో అదే పరిశ్రమ వాటాతో భాగించండి. ఉదాహరణకు జిల్లాలో వందకు ఎనిమిది మంది, రాష్ట్రంలో వందకు ఇద్దరు అనుకుంటే జవాబు 4. ఒకటి కన్నా బాగా ఎక్కువొస్తే ఆ పరిశ్రమ ఇక్కడ గుంపుగా ఉందని అర్థం. దీనితో పాటు రెండేళ్ల పెరుగుదలను కూడా చూడాలి. నిష్పత్తి ఎక్కువై మనుషులు తగ్గుతుంటే కొత్త కోర్సు కన్నా ఉన్నవాళ్లకు పని మార్చుకునే శిక్షణ అవసరం. చక్కెర ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఫిట్టర్లు, బాయిలర్ మనుషులు, ఎలక్ట్రీషియన్లు ఇలాంటివాళ్లే. వాళ్లకు చేయి తిరిగిన పని ఉంది. ఫార్మా ప్లాంటు శుభ్రత నియమాలు, రాతకోతల పద్ధతి నేర్పితే చాలు. రెండేళ్ల ఐటీఐ బ్యాచ్ కోసం ఎదురుచూడటం కన్నా ఇది త్వరగా ఫలితమిస్తుంది.

ఫ్యాక్టరీకి వెళ్లి అడగాల్సినవి

ప్రణాళిక బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే. హోటల్లో పరిశ్రమల సమావేశం పెట్టి "మీకు ఎలాంటి నైపుణ్యాలు కావాలి" అని అడిగితే ఇంగ్లిష్ మాట్లాడటం, క్రమశిక్షణ, కంప్యూటర్ అని చెబుతారు. దాన్నుంచి ఏ కోర్సూ తయారు కాదు. ముప్పై సంస్థలు ఎంచుకోండి: పెద్దవి పది, మధ్యరకం పది, చిన్నవి పది. ఒక్కోచోట ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి. ఒకరు హెచ్‌ఆర్ మనిషి, ఇంకొకరు షాపు ఫ్లోర్ మీద షిఫ్టు నడిపే సూపర్‌వైజర్. ఇద్దరి జవాబులూ తరచూ కలవవు. అలాంటప్పుడు సూపర్‌వైజర్ మాటనే నమ్మండి, కొత్తగా వచ్చినవాడు ఏ పని దగ్గర తడబడుతున్నాడో రోజూ చూసేది ఆయనే.

జరిగిపోయినదాన్ని అడగండి, జరగబోయేదాన్ని అడగకండి. "అయిదేళ్లలో ఎందరు కావాలి" అంటే పెద్ద అంకె చెబుతారు. అది చెప్పడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు. ఒక్కో పనికి ఈ ప్రశ్నలు వేయండి:

- గత పన్నెండు నెలల్లో ఈ పనికి ఎందరిని తీసుకున్నారు? కంపెనీ పేరు మీద ఎందరు, కాంట్రాక్టర్ ద్వారా ఎందరు?
- ఖాళీ వచ్చాక మనిషి చేరడానికి ఎన్ని రోజులు పట్టింది?
- మొదటి నెల చేతికొచ్చే జీతం ఎంత? రెండేళ్ల కిందట ఎంత ఉండేది?
- చేరినవారిలో తొంభై రోజుల్లోపు ఎందరు మానేశారు? ఎక్కడికి వెళ్లారు?
- చేరినవారు ఏ మండలాల వాళ్లు, ఏం చదివారు?
- సొంతంగా ఒంటరిగా పని అప్పగించడానికి ఎన్ని వారాలు పట్టింది?

చివరి ప్రశ్నను తప్పకుండా అడగండి. హెల్పర్‌ను రెండు వారాల్లో పనిలో పెట్టగలిగితే దానికి మూడు నెలల కోర్సు దండగ. నాణ్యత విభాగంలో హెచ్‌పీఎల్‌సీ యంత్రం (మందులో ఏది ఎంత ఉందో వేరుచేసి కొలిచేది) మీద పనిచేసే అనలిస్టుకు ఆరు నెలలు పడుతోందంటే అక్కడ కోర్సుకు విలువ ఉంది. చాలా డిగ్రీ కాలేజీల ల్యాబుల్లో ఆ యంత్రం ఉండదు, కాబట్టి మొదటి నెలల నేర్పు బరువంతా కంపెనీ మీదే పడుతుంది. మందుల తయారీలో నాణ్యత నియమాలైన షెడ్యూల్ ఎం సవరించిన రూపంలో చిన్న యూనిట్లకూ వర్తించడంతో నాణ్యత, పత్రాల నిర్వహణ తెలిసినవాళ్లకు గిరాకీ పెరుగుతుంది. ఇలాంటి నియమాల మార్పులను ప్రణాళికలో విడిగా రాసుకోండి. ప్రకటనల కన్నా ఇవి గట్టి ఆధారాలు.

ఇది నైపుణ్యాల కొరతేనా?

"మనుషులు దొరకట్లేదు" అన్న మాట విన్న ప్రతిసారీ ఒక పరీక్ష పెట్టండి. రెండేళ్లుగా ఖాళీలు ఉన్నా జీతం పెరగలేదంటే అది చాలావరకు నైపుణ్యాల కొరత కాదు. ఆ జీతానికి, ఆ షిఫ్టుకు, ఆ దూరానికి రావడానికి స్థానికులు సిద్ధంగా లేరని అర్థం. తొంభై రోజుల్లోపు మానేసేవారు ఎక్కువగా ఉంటే కారణం గది అద్దె, తిండి, బస్సు, సూపర్‌వైజర్ తీరు, లేదా పని దగ్గరి భయం. అక్కడ ఇంకో బ్యాచ్‌కు శిక్షణ ఇవ్వడమంటే ఆ కారణాలను అలాగే వదిలేయడమే. కమిటీ అప్పుడు కోర్సు కన్నా హాస్టల్‌నో, రాత్రి బస్సునో సిఫార్సు చేయాలి. జీతం పెరిగినా, ఖాళీ నెలల తరబడి నిండకపోతే అది నిజమైన కొరత. మీ డబ్బు అక్కడ పెట్టండి.

భద్రత మాట కూడా ఇక్కడే రావాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో ద్రావకం లీకై, ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. ద్రావకాల ఆవిరి, స్థిర విద్యుత్తు, మూసి ఉన్న ట్యాంకుల్లోకి దిగడం, పని అనుమతి పత్రం, బయటపడే దారి. ఏ రసాయన కోర్సులోనైనా మొదటి వారం పాఠాలు ఇవే కావాలి. కాంట్రాక్టర్ ద్వారా వచ్చే హెల్పర్లకూ ఇవి తప్పనిసరి. ప్రమాదం జరిగితే ముందు బలయ్యేది వాళ్లే, శిక్షణ అందనిదీ వాళ్లకే.

ఎన్ని సీట్లు? లెక్క వేసే తీరు

కింది అంకెలు పద్ధతి చూపడానికే. ఒక ప్రాంతంలో వెయ్యి మంది ప్లాంటు ఆపరేటర్లు ఉన్నారనుకుందాం. ఏడాదికి 5 శాతం పెరుగుదల అంటే 50 కొత్త చోట్లు. ఏటా 30 శాతం మంది మానేస్తే 300 ఖాళీలు. చాలా ప్రణాళికల్లో ఈ రెండూ కలిపి 350 సీట్లు అని రాసేస్తారు. ఆ 300 మందిలో 180 మంది పక్క ప్లాంటుకే వెళ్లి ఉంటే వాళ్లు ప్రాంతంలోనే ఉన్నారు. ఒకరి ఖాళీని నింపుతూ ఇంకొకరి దగ్గర ఖాళీ చేస్తున్నారు. నిజంగా బయటికి పోయినవారు 120. అసలు అవసరం 50, 120 కలిపి 170. మానేసినవాళ్లు ఎక్కడికి వెళ్లారన్న ప్రశ్నను సర్వేలో పెట్టింది అందుకే.

రాబోయే ప్రాజెక్టుల్ని కలిపేటప్పుడు ప్రకటనలోని ఉద్యోగాల సంఖ్యను వాడొద్దు. పర్యావరణ అనుమతి కోసం సమర్పించిన నివేదికలో నిర్మాణ దశలో ఎందరు, నడిచే దశలో ఎందరు అని విడిగా ఉంటుంది. అది తీసుకోండి. తర్వాత దశ చూడండి: భూమి అప్పగించారా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి వచ్చిందా, యంత్రాలకు ఆర్డరిచ్చారా. ఆర్డరివ్వని ప్రాజెక్టుకు ఆపరేటర్ సీట్లు పెంచొద్దు. నిర్మాణ దశకు కావాల్సింది వెల్డర్లు, రిగ్గర్లు, పైపు ఫిట్టర్లు. వీళ్ల అవసరం రెండు మూడేళ్లు ఉండి తగ్గిపోతుంది, కాబట్టి దానికి చిన్న కోర్సు చాలు.

సరఫరా వైపు సీట్ల సంఖ్య మోసం చేస్తుంది. 48 సీట్లలో 40 మంది చేరారు, 26 మంది పాసయ్యారు అనుకుందాం. వారిలో ఎనిమిది మంది పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లారు. పది మంది హైదరాబాద్ వెళ్లారు. జిల్లాకు మిగిలింది ఎనిమిది. ప్రతి ట్రేడ్‌కు సీట్లు, చేరికలు, పాసైనవారు, ఆరు నెలల తర్వాత జిల్లాలో పనిచేస్తున్నవారు అనే నాలుగు నిలువు వరుసలు పెట్టండి. ఎక్కువసార్లు కొత్త సీట్లు అవసరం పడవు. ఉన్న సీట్ల నుంచి జారిపోయేవారిని ఆపితే సరిపోతుంది.

ఏ దారిలో శిక్షణ

కాలాన్ని లెక్కపెట్టుకోండి. రసాయన ప్లాంట్లకు సరిపోయే అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్ ఐటీఐలో రెండేళ్లది. కొత్తగా ఆ ట్రేడ్ తెరవాలంటే స్థలం, విద్యుత్తు, యంత్రాల ప్రమాణాలు చూపి అనుబంధ గుర్తింపు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే చేరికలు. ఈరోజు నిర్ణయించినా మొదటి బ్యాచ్ బయటికి రావడానికి మూడేళ్లు వేసుకోండి. మూడేళ్ల తర్వాతా ఉండే అవసరానికే ఈ దారి పట్టాలి. పాఠాలు చెప్పే మనిషి దొరకక మూలపడ్డ ట్రేడ్లు చాలా ఉన్నాయి. యంత్రం కన్నా ముందు బోధకుడిని చూసుకోండి.

తక్షణ అవసరానికి అప్రెంటిస్‌షిప్ మంచి దారి. ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థలు, కాంట్రాక్టు సిబ్బందితో కలిపి మొత్తం బలంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నియమం. 400 మంది ఉన్న ప్లాంటుకు కనీసం 10, గరిష్ఠం 60. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం నేరుగా అభ్యర్థి ఖాతాలో వేస్తుంది. ముప్పై సంస్థల జాబితా తీసి, ఒక్కోదానికి కనీస సంఖ్య ఎంత, ఇప్పుడు ఎందరున్నారు అని రెండు అంకెలు పక్కపక్కన పెడితే జిల్లాలో ఎన్ని చోట్లు ఖాళీగా ఉన్నాయో తెలుస్తుంది. కొత్త భవనం కట్టకుండా దొరికే సీట్లవి. ఏటా అప్రెంటిస్‌లను తీసుకుని ఒక్కరినీ ఉద్యోగంలో ఉంచుకోని సంస్థకు మాత్రం పిల్లల్ని పంపొద్దు. అక్కడ వాళ్లను చవక కూలీలుగా వాడుకుంటున్నట్టే.

బాయిలర్ లాంటి పనులకు ఏ చిన్న కోర్సూ సరిపోదు. అనుభవం చూపి, బాయిలర్ల శాఖ పరీక్ష నెగ్గితేనే సర్టిఫికెట్. దీనికి ప్లాంటులో సహాయకులుగా పనిచేస్తున్నవారిని ఏరి పరీక్షకు సిద్ధం చేయడమే దారి.

తర్వాత వెంబడించడం

ఆఫర్ లెటర్‌ను ఉద్యోగంగా లెక్కపెట్టొద్దు. జాబ్ మేళాలో చేతికిచ్చిన కాగితాలకూ నెలాఖరుకు జీతం తీసుకున్నవారి సంఖ్యకూ పొంతన ఉండదు. శిక్షణ ముగిసిన 3, 6, 12 నెలలకు అభ్యర్థికి ఫోన్ చేసి మూడే అడగండి: పనిలో ఉన్నారా, ఏ పని, చేతికి ఎంత. ఫోన్ నంబర్లు మారిపోతాయి కాబట్టి చేర్చుకునేటప్పుడే ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా తీసుకోండి. అభ్యర్థి ఒప్పుకుంటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ద్వారా పీఎఫ్ చందా చూసి ఖరారు చేసుకోవచ్చు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, ఆ సమ్మతిని తెలుగులో, సంతకంతో తీసుకుని భద్రపరచండి. అప్రెంటిస్‌గా ఉన్న ఏడాది పీఎఫ్‌లో ఏమీ కనిపించదు, దాన్ని నిరుద్యోగంగా రాయకండి.

ఈ అంకెల్ని శిక్షణ కేంద్రం వారీగా, ట్రేడ్ వారీగా మూడు నెలలకోసారి కలెక్టర్ అధ్యక్షతన జరిగే కమిటీ ముందు పెట్టండి. కోర్సు మొదలుపెట్టేటప్పుడే దాన్ని ఎప్పుడు మూసేయాలో కూడా రాసుకోండి. వరుసగా రెండు బ్యాచ్‌లలో, శిక్షణ పొందినవారిలో సగం మంది కూడా ఆరు నెలలకు ఆ వృత్తిలో లేకపోతే, మూడో బ్యాచ్‌కు డబ్బు విడుదల చేయకుండా ముందు ఆ ట్రేడ్ సూపర్‌వైజర్లను, మానేసినవారిలో పదిమందిని మళ్లీ కలవాలి. వాళ్లు చెప్పిన కారణం శిక్షణలో ఉంటే సిలబస్ మార్చండి. జీతంలోనో బస్సులోనో ఉంటే కోర్సు ఆపి, ఆ సీట్లను ఖాళీలు నిండని ఇంకో పనికి మళ్లించండి.